తాతయ్య గొట్టం దించేసిన ఆట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇంగ్లీషు సినిమా చూసేది కాదు, వినేది. తెర మీద తెల్లవాళ్ళు వాళ్ళ భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటే, తెర పక్కన ఎత్తుపీట మీద కూర్చుని మా తాతయ్య రేకు గొట్టం నోటికి ఆనించుకుని తెలుగులో కథ చెప్పేవాడు. జనం కళ్ళు తెర మీద, చెవులు తాతయ్య మీద. ఆట వదిలాక సినిమా బాగుందని ఎవరూ అనేవారు కాదు. ఇవాళ బాగా చెప్పాడు అనేవారు. లేకపోతే, గొంతు పట్టేసినట్టుంది పాపం, ముసలాడు అనేవారు.

మాది గోదావరి పాయల మధ్య లంక ఊరు. ఎటు వెళ్ళాలన్నా ఏరు దాటాలి. ఊరి చివర తాటాకు కప్పిన హాలు ఒకటి ఉండేది. తెలుగు సినిమా రీళ్ళ పెట్టె దొరికిన వారం తెలుగు సినిమా ఆడేది, దొరకని వారం చవగ్గా వచ్చే పాత ఇంగ్లీషు సినిమా ఆడేది. మధ్యలో నడుము ఎత్తు తడిక, అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. నేల మీద ఇసక. మా తాతయ్య అంతకుముందు బుర్రకథ దళంలో నవ్వించే వంతగా ఉండేవాడు. కథకుడు చనిపోయి దళం చెదిరిపోయాక, ఈ హాలు సాహుకారు ఆయన్ని పిలిచి చేతికి గొట్టం ఇచ్చాడు. తాతయ్యకు ఇంగ్లీషు ముక్క రాదు. పెట్టె వెంట వచ్చే మనిషి కథ టూకీగా చెప్పి పోయేవాడు. మిగతాది ఆయన నోటి చలవ.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోందంటే, నాకు మళ్ళీ ఆ సినిమాలు చూసే రోజులు వచ్చాయి. నేనిప్పుడు దోహాలో, మదీనత్ ఖలీఫాలో ఒక ఇంట్లో పెద్దామెను చూసుకుంటున్నాను. ఇంట్లో అందరూ ఆమెను మామా, అంటే అమ్మా అని, అంటారు, నేనూ అదే అంటాను. మధ్యాహ్నం నమాజు అయి, భోజనాలై, ఇల్లంతా నిద్రకు పడ్డాక మామాకు మాత్రం కన్ను మూతపడదు. పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి ఏవో ఊళ్ళు తిరిగినప్పుడు ఈ సినిమాలు చూసిందట. ఇప్పుడు వాటినే టీవీలో పెట్టించుకుంటుంది. నేను కింద తివాచీ మీద కూర్చుని ఆమె మోకాళ్ళకు నూనె రాస్తుంటాను. నా మోకాళ్ళు కూడా నూనె అడుగుతూనే ఉంటాయి గాని వాటి మాట వినే తీరిక ఉండదు.

మామాకు చూపు మందగించింది. తెర కింద పడే అరబ్బీ అక్షరాలు ఆనవు. మనుషులు నీడల్లా కనిపిస్తారట. అందుకని కాసేపటికోసారి అడుగుతుంది, "వైన్ రాహ్?" అని. ఎక్కడికి వెళ్ళాడు అని. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, విమానాశ్రయానికి వెళ్ళాడనో, యుద్ధానికి వెళ్ళాడనో చెబుతాను. సగం నా ఊహే. ఈ ఇంట్లో నేను తాతయ్య పీట ఎక్కినట్టయింది.

వంటింట్లో పనిచేసే రాయచోటి పిల్ల టీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడిపోతుంది.

"యాంది పెద్దమ్మా, ఆయమ్మ అట్ల యేడుస్తాండాది? మొగుడు కొట్టినాడా?"

"కొట్టలేదే. వెళ్ళిపోతున్నాడు."

"మళ్ళా వస్తాడా?"

"ఉండు, చూద్దాం."

"నువ్వు సూసేదేముంది, అంతా ముందరే తెలిసినట్ల చెప్తావు కదా మామాకు" అని నవ్వుతుంది. ఆ నవ్వుకు మామా కూడా నవ్వుతుంది, ఎందుకో తెలియకుండానే.

ఈ సినిమాలు చూస్తున్నకొద్దీ మా తాతయ్య చెప్పిన అబద్ధాలు ఒక్కొక్కటీ బయటపడుతున్నాయి. తెర మీద అబ్బాయి అమ్మాయిని దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకోబోతే, తాతయ్య గొట్టంలోంచి, "అమ్మలారా, మన అబ్బాయి అమ్మాయి చెవిలో రహస్యం సెప్తన్నాడు, పక్కవాళ్ళ రహస్యం మనం వినకూడదు, కళ్ళు మూసుకోండి" అనేవాడు. పిల్లలం వేళ్ళ సందుల్లోంచి చూసేవాళ్ళం. రహస్యం చెవిలో చెప్పాలి గాని నోట్లో చెప్తాడేంటి అని మగవాళ్ళ వైపు నుంచి ఎవరో ఒకరు అనేవాళ్ళు. "ఆ దేశంలో చలి ఎక్కువ, చెవులు గడ్డకట్టేసుంటాయి" అని తాతయ్య జవాబు. పెళ్ళైనవాడు ఇంకో ఆడమనిషితో తిరిగితే ఆవిడ చెల్లెలు. పెళ్ళాం మొగుణ్ణి వదిలి పోతే పుట్టింటికి పురుటికి వెళ్ళినట్టు. ప్రేమించుకున్నవాళ్ళు చివర్లో చెరో రైలు ఎక్కి విడిపోతే, ఆషాఢమాసం కాబట్టి ఎడం ఉంచారని చెప్పేవాడు. విడిపోయే కథంటే మా ఊరివాళ్ళకు గిట్టదు. ఒకసారి అలా విడిపోతే మగవాళ్ళు తడిక పీకేశారట. అప్పటినుంచీ సాహుకారు గట్టిగా చెప్పాడు, నా హాల్లో అందరికీ పెళ్ళిళ్ళు అవ్వాలి అని.

మా ఇల్లూ తాతయ్య వాళ్ళ ఇల్లూ ఒకే వాకిలి. మా అమ్మ తర్వాత పుట్టింది మా పిన్ని. ఆవిడ ఉయ్యాల్లో ఉండగానే, తాతయ్య తన అక్కకు మాటిచ్చేశాడు, నీ కొడుక్కే నా కూతురు అని. మా పిన్ని నడక నేర్చిందీ, జడ వేసుకుందీ, ఓణీ కట్టిందీ అన్నీ ఆ బావ పేరు మీదే. నేను చెబుతున్న ఏడాదికి ఆ బావ ఖరగ్‌పూర్ రైల్వే షెడ్డులో పనికి వెళ్ళి నాలుగేళ్ళయింది. మొదట్లో పండగలకు వచ్చేవాడు. తర్వాత కబురు వచ్చేది. తర్వాత అదీ లేదు. బావ తల్లి చనిపోయాక ఆ వైపు నుంచి అడిగే దిక్కూ లేదు. మా పిన్ని మాత్రం సాయంత్రం రేవు వైపు పడవ కేక వినిపిస్తే చేస్తున్న పని ఆపేది. చాలా సేపేం కాదు. ఒక్క నిమిషం ఆపి, మళ్ళీ మొదలుపెట్టేది. పక్కనున్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

ఆ ఏడు ఏటి అవతలి ఆస్పత్రి డాక్టరమ్మ మా పిన్నిని అడిగింది. అంతకుముందు మా అమ్మ పురిటికి తోడు వెళ్ళినప్పుడు పిన్ని చేతి నేర్పు చూసింది కాబట్టి, నర్సు పనిలో పెట్టి నేర్పిస్తాను పంపమంది. వానలు తగ్గాక కొత్త పిల్లల్ని తీసుకుంటారు, ఆలస్యమైతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పిన్ని వెళ్ళనంది. "బావ వచ్చేతలికి నేను తెల్లచీర కట్టుకుని ఎక్కడో ఉంటే ఏం బాగుంటాది?" అంది. అమ్మమ్మ ఎంత చెప్పినా అదే మాట.

అప్పుడు తాతయ్య బెజవాడ వెళ్ళి సినిమా పెట్టె సంగతి మాట్లాడి వస్తానని చెప్పి బయల్దేరాడు. బెజవాడ పని రెండు రోజుల్లో అవుతుంది. ఆయన వారానికి వచ్చాడు. వచ్చిన రోజు పిన్ని నీళ్ళకు వెళ్ళినప్పుడు, పెరటి అరుగు మీద అమ్మమ్మకు చెబుతుంటే నేను దోసపాదు దగ్గర కూర్చుని విన్నాను.

"ఖరగ్‌పూర్ ఎల్లాను. సూసొచ్చాను. ఆడికి పెళ్ళైపోయింది."

అమ్మమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది.

"బిడ్డ కూడాను. వాకిట్లో ఎత్తుకుని ఆడిత్తన్నాడు. ఆడి పెళ్ళాం గుమ్మంలో నిలబడి నవ్వుతోంది."

"నిన్ను చూశాడా?"

"రోడ్డు అవతల చింతచెట్టు కింద నిలబడ్డాను. సూడలేదు."

"అడక్కుండా వచ్చేశావా?"

"ఏం అడగమంటావు? బిడ్డని ఎత్తుకున్నోణ్ణి."

అమ్మమ్మ లేచి నిలబడి, "దీనికి నువ్వే సెప్పాలి" అంది. "మాటిచ్చింది నువ్వు. నేను సెప్పను."

ఆ మర్నాటి నుంచీ మా ఇంట్లో మొదలైంది ఒక బరువు. తాతయ్య అన్నానికి కూర్చునేవాడు. పిన్ని వడ్డించేది. ఆయన గొంతు సవరించుకునేవాడు. అమ్మమ్మ చెయ్యి ఆగిపోయేది.

"అమ్మాయ్."

"ఏంటి నాన్నా?"

"కూరలో ఉప్పు తగ్గింది."

పిన్ని ఉప్పు తెచ్చిపెట్టేది. రుచి చూసిన కూరలో ఉప్పు ఎలా తగ్గిందా అని ఒకసారి నాలుక చివర పెట్టుకుని చూసుకునేది కూడా. ఆవిడ అటు తిరగ్గానే అమ్మమ్మ పళ్ళు నూరేది. "హాలు నిండా జనానికి సెప్తావు. మూరెడు దూరంలో ఉన్న పిల్లకి సెప్పలేవు" అని. తాతయ్య ఉప్పెక్కువైన ఆ అన్నం అలాగే తినేసి లేచిపోయేవాడు. ఆయన ఒళ్ళు అప్పుడే సగమైంది. పిన్ని పక్కలో పడుకునేదాన్ని కదా, ఆవిడ ఊపిరి వింటూ, ఈవిడకు తెలియదు, నాకు తెలుసు అనుకునేదాన్ని. చిన్నపిల్లకు మోయడానికి తగిన బరువు కాదది.

ఇంతలో వరద వచ్చింది. గోదావరి ఎర్రగా పొంగి రేవు మెట్లన్నీ మింగేసింది. పడవలు కట్టేశారు. లాంచీ ఆగిపోయింది. హాల్లో ఒక ఇంగ్లీషు సినిమా పెట్టె ఇరుక్కుపోయింది. కొత్తది రాదు, పాతది పోదు. ఊరికి వేరే పనీ లేదు. పొలాల్లో నీళ్ళు, ఇళ్ళల్లో చెమ్మ. రోజూ చీకటి పడుతుండగా జనం అదే సినిమాకు వచ్చి కూర్చునేవారు. తాతయ్య రోజూ అదే కథ చెప్పేవాడు.

ఆ సినిమా పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఏటి ఒడ్డున చిన్న ఊరు. అక్కడ టోపీల కొట్టు నడుపుకునే ఒక అమ్మాయి. ఏటి మీద వంతెన కట్టడానికి పట్నం నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. వంతెన పెరుగుతున్నకొద్దీ వాళ్ళ స్నేహం పెరుగుతుంది. వంతెన పూర్తయ్యాక, మళ్ళీ వస్తానని చెప్పి, తను కట్టిన వంతెన మీదుగానే అతను కారులో వెళ్ళిపోతాడు. అమ్మాయి ఎదురుచూస్తుంది. చెట్లు ఆకులు రాలుస్తాయి, మంచు పడుతుంది, మళ్ళీ చిగురిస్తాయి. చివరికి తనే బయల్దేరి పట్నం వెళ్తుంది. వానలో ఒక పెద్ద హోటలు ముందు నిలబడి అద్దంలోంచి చూస్తే, లోపల బల్ల దగ్గర అతను. పక్కన ఒక ఆవిడ. ఆవిడ ఒళ్ళో బిడ్డ.

ఆ చోటికి వచ్చేసరికి తాతయ్య గొట్టం ఎత్తి, "చూడండమ్మా, అబ్బాయి చెల్లెలొచ్చింది పట్నానికి. ఆ చంటాడు మేనల్లుడు. మేనమామ ముద్దు చేత్తన్నాడు. మన అమ్మాయి బిడియపడి లోపలికెళ్ళకుండా ఇంటికి తిరిగొచ్చేసింది. వచ్చే మాఘంలో ముహూర్తం" అనేవాడు. ఆడవాళ్ళందరూ హమ్మయ్య అని కాళ్ళు చాపుకునేవారు.

మా పిన్ని మొదటిరోజు నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. రెండోరోజు కూడా వెళ్ళింది. తర్వాత నన్ను అడగడం కూడా మానేసింది, చీకటి పడుతుంటే తలదువ్వుకుని తనే బయల్దేరేది, వెనకాల నేను పరిగెత్తేదాన్ని. తడిక పక్కన, తాతయ్య పీటకు ఎదురుగా కూర్చునేది. చెల్లెలు, మేనల్లుడు అనే మాట వచ్చినప్పుడు పిన్ని మొహం నేను చూసేదాన్ని. ఎండలో నడిచొచ్చినవాళ్ళకు చల్లటి నీళ్ళు ఇస్తే తాగాక ఎలా ఉంటుందో అలా ఉండేది. తాతయ్య కూడా పీట మీద నుంచి అదే చూస్తున్నాడని నాకు తర్వాత అర్థమైంది. రోజూ తన నోటితోనే ఆ నీళ్ళు పోస్తున్నాడు. రోజు రోజుకూ ఆయన గొంతు బొంగురుపోతోంది. వానకు అనుకున్నారు అందరూ.

వరద తీసింది. ఆ మధ్యాహ్నం రేవు మెట్లు మళ్ళీ కనిపించాయి. రేపు పొద్దున లాంచీ తిరుగుతుందని దండోరా వేశారు. ఆ లాంచీలో సినిమా పెట్టె వెళ్ళిపోతుంది. అదే లాంచీలో ఆస్పత్రికి ఎంపికైన ఆడపిల్లలు వెళ్ళాలి. డాక్టరమ్మ మళ్ళీ కబురు పంపింది. పిన్ని నవ్వి, నేనెందుకు అంది. అమ్మమ్మ పొయ్యి ముందు కూర్చుని చెయ్యి నుదుటికి ఆనించుకుంది. తాతయ్య ఆ పూట అన్నం తినలేదు. గొట్టం తీసుకుని ముందే హాలుకు వెళ్ళిపోయాడు.

ఆఖరి ఆట కదా, హాలు కిటకిటలాడింది. కథ అందరికీ కంఠతా వచ్చేసింది. తాతయ్య ఒక మాట అంటే జనం తర్వాతి మాట అందుకుంటున్నారు. రహస్యం చెప్పే చోట పిల్లలందరూ తాతయ్యకన్నా ముందే, "కళ్ళు మూసుకోండి" అని అరిచారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత వంతెన పూర్తయింది, కారు వెళ్ళింది, మంచు పడింది, చిగురించింది. వాన వచ్చింది. హోటలు అద్దం వచ్చింది.

తాతయ్య మాట్లాడలేదు.

తెర మీద అమ్మాయి వానలో నిలబడి చూస్తోంది. గొట్టం మోకాలి మీదే ఉంది.

"ఏం తాతా, గొంతు మూగబోయిందా?" అని మగవాళ్ళ వైపు నుంచి ఒకడు. "మేం సెప్పమంటావా? చెల్లెలొచ్చింది, మేనల్లుడొచ్చాడు" అని ఇంకొకడు. జనం నవ్వారు.

తాతయ్య గొట్టం ఎత్తాడు. ఆయన గొంతు ఎప్పటిలా సాగలేదు. ఇంట్లో మాట్లాడినట్టు చిన్నగా వచ్చింది.

"ఆవిడ చెల్లెలు కాదమ్మా. పెళ్ళాం. ఆ బిడ్డ ఆడి బిడ్డే."

నవ్వు ఆగిపోయింది.

"ఆడు రాడు. వత్తానన్నప్పుడు వద్దామనే అనుకున్నాడేమో, అది నాకు తెలవదు. ఇప్పుడైతే రాడు. ఈ పిల్ల ఇంక ఎదురుసూడక్కర్లేదు."

"నిన్న దాకా చెల్లెలైంది ఇయ్యాళ పెళ్ళాం ఎలా అయ్యింది?" అని ఎవరో గట్టిగా అడిగారు.

"నిన్న దాకా నేను అబద్ధం సెప్పాను."

మగవాళ్ళ వైపు గోల లేచింది. సాహుకారు వెనకనుంచి పరుగున వచ్చాడు. "ఏంటయ్యా ఇది, ఆఖరి రోజున, తడిక పీకించేస్తావా ఏంటి" అని. తాతయ్య గొట్టం పీట మీద పెట్టాడు. దిగాడు. తడిక చివర వరకూ నడిచి, అక్కడినుంచి తిరిగి ఆడవాళ్ళ వైపు వచ్చాడు. మా హాల్లో మగవాడు ఆ వైపు రావడం అంతకుముందు జరగలేదు. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. ఆయన వచ్చి మా పిన్ని పక్కన ఇసకలో చతికిలబడ్డాడు.

పిన్ని ఆయన వైపు తిరగలేదు. తెర వైపే చూస్తోంది. నా చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. పట్టు బిగుసుకుందని మాత్రం తెలుస్తోంది. అలాగే అడిగింది.

"ఎప్పుడు చూశావు నాన్నా?"

"వానలకి ముందు."

"బెజవాడ అని సెప్పి ఎల్లింది అక్కడికేనా?"

"అక్కడికే."

"బిడ్డ ఎవరి పోలిక?"

తాతయ్య ఇసకలోకి చూస్తూ, "ఆడి పోలికే" అన్నాడు.

పిన్ని తల ఊపింది. ఆయన ఓదార్చలేదు, వీపు నిమరలేదు, కర్మ అనలేదు, మంచి సంబంధం చూస్తాననలేదు. పక్కన కూర్చున్నాడు, అంతే. ఆయన భుజం ఆవిడ భుజానికి ఆనుకుని ఉంది.

గొట్టం పీట మీద ఉండిపోయింది గనక ఆ సినిమా సొంత గొంతు మా ఊరు మొదటిసారి విన్నది. మాటలు ఎవరికీ అర్థం కాలేదు. అయినా గోల సద్దుమణిగింది. అమ్మాయి రైల్లో ఇంటికి తిరిగి వచ్చింది. తడిసిన కోటు విప్పి మేకుకు తగిలించింది. చీకట్లో కుర్చీలో కూర్చుండిపోయింది. తెల్లవారింది. లేచి మొహం కడుక్కుని కిందికి దిగి, కొట్టు తలుపులు తీసి, టోపీలు ఒక్కొక్కటీ తీసి కిటికీలో పెట్టింది. ఒక ముసలావిడ టోపీ కొనడానికి లోపలికి వచ్చింది. అంతే సినిమా. ఇన్ని రోజులూ ఆ చివరి ముక్క మీద తాతయ్య మాఘమాసం ముహూర్తం చెబుతుంటే దాన్ని మేం చూడనే లేదు. ఆ రోజు చూశాం. ఆడవాళ్ళు ఏడ్చారు. తడిక మీద ఒక్క చెయ్యి పడలేదు.

తెల్లారి లాంచీలో మా పిన్ని వెళ్ళింది. సంతోషంగా వెళ్ళిందని చెప్పను. కళ్ళు వాచిపోయి ఉన్నాయి, ఎవరితోనూ మాట్లాడలేదు. రేవులో తాతయ్య ఆవిడ పెట్టె పట్టుకుని నిలబడితే చేతిలోంచి తీసుకుంది గాని మొహం చూడలేదు. ఏడాది పాటు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడల్లా అమ్మమ్మతో, నాతో కబుర్లు చెప్పి, ఆయనకు మాత్రం అన్నం వడ్డించి ఊరుకునేది. ఆయనా సహించాడు. ఉప్పు తగ్గిందని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

మా పిన్ని ఆ ఆస్పత్రిలోనే పనిచేసి పెద్దదైంది. ఈడు కాస్త ముదిరాక అక్కడి కాంపౌండరునే చేసుకుంది. మా లంకల్లో ఎంతమందికి మొదట స్నానం చేయించిందో ఆవిడకే లెక్క లేదు. నా ఇద్దరు బిడ్డలకూ ఆవిడే పురుడు పోసింది. రెండో కాన్పప్పుడు నొప్పుల మధ్యలో, ఊరికే మాట మళ్ళించడానికనుకుంటాను, ఆ ఆఖరి ఆట సంగతి ఎత్తింది. అప్పటికి తాతయ్య లేడు.

"సెప్పినప్పుడు సచ్చేంత కోపమొచ్చిందే" అంది. "ఆ మాట సెప్పి నాన్న ఆ పీట మీదే ఉండిపోయుంటే నేను ఇంటికి ఎల్లేదాన్ని కాదు. ఏరు దగ్గరే కదా. లేద్దామనే అనుకున్నాను. ఇంతలో వచ్చి పక్కన కూలబడ్డాడు. ఆయన్ని దాటుకుని ఎలా ఎల్లను?"

అప్పటిదాకా నేను ఆ రోజును నిజం చెప్పిన రోజుగా గుర్తుపెట్టుకున్నాను. అబద్ధం ఎంత తియ్యగా ఉన్నా నిజమే మేలని తాతయ్య నేర్పాడనుకున్నాను. పిన్ని మాటతో అది మారిపోయింది. నిజం చెప్పడం ఎవరైనా చేస్తారు. ఎత్తు మీద నుంచి గొట్టం పెట్టి చెప్పడం మరీ తేలిక. చెప్పాక దిగి రావడమే కష్టం.

ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయ్యాక ఇక్కడ మా వైపు ఆడవాళ్ళలో నేనే పెద్దదాన్నయ్యాను. దాంతో ఒక పని నా మీద పడింది. ఇక్కడి పిల్లల్లో ఎవరింట్లో చావు జరిగినా ఊరినుంచి ఫోను ముందు నాకొస్తుంది. మీరే చెప్పండమ్మా, మా వల్ల కాదు అంటారు. కొందరు నేను సరే అనేలోపే పెట్టేస్తారు. వాళ్ళను తప్పుపట్టను. ఒక్కోసారి ఫోను మోగితే తియ్యాలనిపించదు. ఇంకా ఎంతమంది చావులు నా నోటితో చెప్పాలి అనిపిస్తుంది. విసుగు కాదు, అలసట. మామా మంచం దుప్పటి మారుస్తూ అలాగే కాసేపు దాని అంచు పట్టుకుని కూర్చుండిపోతాను.

పోయిన చలికాలం అల్ సద్‌లో ఒక ఫ్లాట్‌లో పనిచేసే అమ్మాయి తల్లి చనిపోయింది. ఫోనులో చెప్పమన్నారు. నేను మా ఇంటి మేడమ్‌ను అడిగి, బస్సెక్కి వెళ్ళాను. ఆ పిల్ల తలుపు తీసి, "అదేంటి పిన్నిగారూ, ఇంత దూరం వచ్చారు, ఫోను చేత్తే సరిపోను కదా" అంది. చేతికి గిన్నెల సబ్బు ఉంది. పొయ్యి కట్టెయ్యమన్నాను. చెయ్యి కడుక్కోమన్నాను. కడుక్కుని వచ్చేసరికి నేను వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాను. నన్ను అలా చూడగానే తనకు సగం తెలిసిపోయింది. వచ్చి నా ఎదుట కూర్చుంది. "ఎవరు?" అంది. చెప్పాను. తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు, మాట్లాడానని కూడా అనుకోను. ఆ ఇంటి పిల్లలు బడి నుంచి వచ్చి మమ్మల్ని చూసి చప్పుడు చేయకుండా లోపలికి పోయారు. చీకటి పడే దాకా ఉండి వచ్చాను.

ఈ మధ్య మోకాళ్ళు మరీ మొరాయిస్తున్నాయి. నేల మీద కూర్చుంటే మళ్ళీ లేవడానికి గోడైనా కావాలి, మనిషైనా కావాలి. అయినా అలాంటి కబురు మోసుకెళ్ళినప్పుడు మాత్రం ముందు నేల మీద కూర్చుంటాను. కూర్చున్నాకే నోరు విప్పుతాను.